కరువు రాస్తేనే అచ్చేస్తారట

హైదరాబాదులో ఒక సంస్థ జిల్లాలవారీగా వ్యాస సంకలనం తెస్తున్నదని విని, గద్వాల మిత్రుడొకరు వ్యాసం రాసి పంపారు. వాళ్ల ఇంటి మగ్గం మీద వ్యాసం. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నేతగాడు నడిమి నూలుకొక నాడె, రెండంచుల పట్టుకు చెరొక నాడె ఆడిస్తూ, నూలూ పట్టూ కలిసేచోట పోగుకు పోగు పెనవేసే పని అది. ఒక్క పోగు తప్పితే అది చీర మడతలో ఎక్కడ బయటపడుతుందో కూడా రాశారు.

కొద్దిరోజులకే జవాబొచ్చింది. వ్యాసం బాగుందట. భాష ఇంకా బాగుందట. కాకపోతే పాలమూరు నుంచి తాము ఎదురుచూసింది ఇది కాదట. వలస మీదనో, కరువు మీదనో రాసిస్తే తప్పక వేసుకుంటారట. మిత్రుడు నవ్వి ఊరుకున్నారు. మాకు ఊరుకోబుద్ధి కాలేదు.

ఎదుటిమనిషిని చూడకపోవడం ఒక ఎత్తు, చూసేశాననుకోవడం ఇంకో ఎత్తు. మొదటిదానికి ఈ గడ్డ ఎన్నడో జవాబు చెప్పింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకాయన రాస్తే, అలంపురం సీమ ఇటిక్యాలపాడు మనిషి సురవరం ప్రతాపరెడ్డి వాదులాటకు దిగలేదు. తాను 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రిక ద్వారా కవులను పిలిచి, 354 మంది పద్యాలను 1934లో గోలకొండ కవుల సంచికగా అచ్చువేసి చేతిలో పెట్టారు. ఈ కథ మన పాఠకులకు కొత్త కాదు. ఏటా జయంతి సభల్లో చెప్పుకుని చప్పట్లు కొట్టుకుంటూనే ఉన్నాం.

ఆ సభల్లో ఎవరూ అడగని సంగతి ఒకటుంది. ఆ మాట అన్నవారికీ, విని తలూపినవారికీ నిజంగా తెలియకనేనా? తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు వచ్చి అవధానాలు చేసి వెళ్లినవాళ్లే. కార్తీక, మాఘ మాసాల్లో గద్వాలలో జరిగే విద్వత్సభలకు ఎక్కడెక్కడి పండితులో వచ్చి సత్కారాలు పొంది వెళ్లేవారు. అవధానమన్నాక పృచ్ఛకులుండాలి కదా. సమస్య ఇచ్చిందెవరు? నిషిద్ధాక్షరి పట్టుకుని అడుగడుగునా అడ్డుతగిలిందెవరు? పద్యం నడక తప్పితే చటుక్కున తలెత్తి చూసిందెవరు? ఈ ఊళ్ల పండితులు కాక కోటగోడలా? ఆ జంటకవులను అనడం లేదు, ఆ సభల సంగతి ఎరిగిన లోకాన్ని అంటున్నాం. సభలో అందరూ ఉన్నా, లోకం కంటికి శాలువా కప్పే ప్రభువు ఒక్కడే ఆనాడు. పక్కన కూర్చున్న కవి కనబడలేదు. కనబడకపోవడానికి దూరం కారణం కాదు, అవసరం లేకపోవడం కారణం.

చూపు మారితే ఏమవుతుందో కూడా సురవరమే చూపించారు. హంసవింశతిని శృంగార కావ్యమని కొందరు చాటుగా చదివారు, కొందరు చీదరించుకుని పక్కన పెట్టారు. ఆయన అదే పుస్తకంలో జనం తిన్న తిండి, ఆడిన ఆటలు, కట్టిన బట్ట వెతికి పట్టుకున్నారు. అలాంటి వెతుకులాటలోంచే 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వచ్చింది. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన తొలి పురస్కారం దానికే దక్కింది. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచిన ఆ మనిషి అప్పటికి కన్నుమూసి రెండేళ్లయింది.

చూసేశాననుకునే రెండో జబ్బుకు మాత్రం సంచికలు పనిచేయవు. లేరన్నవాడికి పేర్లు చూపిస్తే నోరు మూతపడుతుంది. మీరంతా ఇంతేనన్నవాడికి ఏం చూపించాలి? నాగర్‌కర్నూలు జిల్లా గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్నను సగం తెలుగునేల పల్లె కన్నీటి కవిగానే ఎరుగును. ఆయన పాటల్లోని పిట్టలు, వాగులు, సంతలు, ఎకసెక్కాలు వాళ్ల చెవిన పడవు. 2021 అకాడమీ పురస్కారం వచ్చిన పుస్తకం పేరే వల్లంకి తాళం. అయినా వేదికెక్కగానే జనం అడిగేది ఆ ఒక్క ఏడుపు పాటే. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయల చంద్రికాపరిణయం మీద గోష్ఠి పెడదామంటే సంస్థానాల భజన అంటారు. ద్విపదలో రామాయణం కట్టిన గోన బుద్ధారెడ్డిది మన వర్ధమానపురమంటే, అలాగా అని మాట మారుస్తారు. బీడుభూమి ఫొటో ఒకటి పంపండి, ముఖచిత్రం ఖాయం!

వలస అబద్ధమా అని అడిగేవాళ్లుంటారు. కాదు. దేశంలోని ఎన్ని ఆనకట్టల మట్టి పాలమూరు తట్టల్లో మోశామో మాకెవరూ చెప్పనక్కరలేదు. కానీ బొంబాయి బస్సెక్కిన మనిషి బస్సెక్కడం ఒక్కటే చేయలేదు. పెళ్లిళ్లు చేశాడు, పీర్ల పండుగకు తిరిగొచ్చాడు, భాగవతం కట్టాడు, పక్కింటివాడితో గట్టు తగాదా పెట్టుకుని కోర్టు చుట్టూ తిరిగాడు. ఆ మనిషిని తీసిపారేసి మూట ఒక్కటే మిగుల్చుకునే సాహిత్యం సానుభూతి పేరుతో చేస్తున్న దోపిడీ. ఇంకా సూటిగా చెబితే, రాజధాని సంపాదకులు మాకు కన్నీళ్ల కోటా కేటాయించారు. తక్కిన బతుకంతా వాళ్ల దృష్టిలో ఇతర జిల్లాల సరుకు.

ఈ చూపు రాజధానిదే అనుకుంటే పొరపాటు. మన ఊళ్లలోనూ పుష్కలంగా ఉంది. నల్లమల మీద కవిత అంటే విల్లు, తేనె, ఇప్పపువ్వు. 2006 అటవీ హక్కుల చట్టం కింద తన పట్టా ఏమైందని అధికారిని నిలదీసే చెంచు ఆ కవితల్లోకి రాడు. 2019లో యురేనియం తవ్వకాలు వద్దని అమ్రాబాద్ అడవి అంతా మోగిపోయినప్పుడు కూడా మన పట్టణ కవులు తేనెపట్టు దగ్గరే ఆగిపోయారు. మాకు చేరే చెంచు కవితలు చాలామటుకు పెంట, అంటే చెంచుగూడెం, ముఖం చూడని చేతులు రాసినవే. వచ్చే సంచిక నుంచి అలాంటివి వేయం. రాసినవారు అచ్చంపేటవారైనా సరే, మా సంపాదకవర్గంలోని వారైనా సరే. ఇది కూడా ఒక కోటాయే కదా అంటారేమో, అనుకోండి.