చెరువులో పెరిగింది సరే, పుట్టిందెక్కడ?

బొమ్మిడాయిల పులుసు సంగతి కోనసీమ పిల్లలకు ఒకరు చెప్పనక్కరలేదు. బొమ్మిడాయిని మీరు చూసే ఉంటారు. పాములా పొడుగ్గా, మూతి మొనదేలి, వీపు మీద వరుసగా చిన్న ముళ్ళతో ఉంటుంది. దానికన్నా పొడవుగా పెరిగే, వీపున ముళ్ళు లేని నున్నటి చేప మరొకటి మన గోదావరిలో ఉంది. దాని పేరు మలుగు. మలుగుపాము అని కూడా అంటారు. పామే అనుకుని కర్రతో కొట్టి చంపేవాళ్ళూ లేకపోలేదు. కాని దానికి మొప్పలున్నాయి, వాటి వెనుక జత రెక్కలున్నాయి. పాముకు మొప్పలూ రెక్కలూ ఎక్కడివి?

జపాను దేశంలో ఈ మలుగు జాతి చేపంటే జనానికి ప్రాణం. అక్కడ దాని పేరు ఉనగి. ఆ ఒక్క చేపనే వండిపెట్టే హోటళ్ళు ఉన్నాయి. చేపను నిలువునా చీల్చి, నడిముల్లు తీసి, పుల్లలకు గుచ్చి బొగ్గుల నిప్పు మీద కాలుస్తారు. సోయా రసం, తియ్యని బియ్యపు మద్యం కలిపిన పాకంలో ముంచి మళ్ళీ కాలుస్తారు. వేడి అన్నం మీద పరచి వడ్డిస్తారు. టోక్యో వైపు వీపు చీల్చి, మధ్యలో ఆవిరి మీద ఉడికిస్తారు. ఒసాకా వైపు పొట్ట చీల్చి, ఆవిరి పెట్టకుండానే కాలుస్తారు. మనలో పులుసు పెట్టే పద్ధతి ఇంటింటికీ మారినట్టే!

పచ్చి చేప తినడంలో పేరుపడ్డ జపానువారు దీన్ని మాత్రం పచ్చిగా తినరు. ఎందుకో ఊహించగలరా? మలుగు రక్తంలో విషప్రోటీను ఉంది. బాగా వేడి తగిలితే అది చెడిపోతుంది. ఇక్కడ నిప్పు రుచికే కాదు, విరుగుడుకు కూడా!

ఇంతమందికి సరిపడా చేప ఎక్కడిది? "చెరువుల్లో పెంచుతారు మాస్టారూ" అంటారు మీరు. రొయ్యల చెరువుల మధ్య పెరుగుతున్న మీకు ఆ జవాబు తోచడం సహజం. నిజమే, అక్కడ తినేది దాదాపు అంతా చెరువు చేపే. కాని పిల్ల ఎక్కడిది?

రొయ్యపిల్లలు హేచరీలో పుడతాయి. మలుగు మంచినీటిలో ఏళ్ళ తరబడి పెరిగి, ఈడొచ్చాక సముద్రానికి పోయి, గుడ్లు పెట్టి చనిపోతుంది. పులసది దీనికి తలకిందులు. అది గుడ్ల కోసం సముద్రం నుంచి గోదావరి ఎక్కుతుంది. జపాను మలుగు గుడ్లు పెట్టే చోటు టోక్యోకు 2,000 కిలోమీటర్లకు పైగా దక్షిణాన, మేరియానా దీవులకు పడమట ఉంది. సముద్రంలో ఆ గుడ్లు శాస్త్రజ్ఞుల చేతికి మొదటిసారి చిక్కింది 2009లో! మలుగులు బురదలోంచి పుడతాయని అరిస్టాటిల్ అనుకున్నాడంటే ఇక నవ్వకండి.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆకులా పల్చగా ఉండి, ప్రవాహంలో కొట్టుకొస్తూ, తీరం చేరేసరికి గాజుపుల్లలా మారుతుంది. ఈ గాజుపిల్లలనే నదీముఖాల్లో వలలతో పట్టి చెరువుల్లో వేస్తారు. అంటే అలా పెంచిన ప్రతి చేపా ఒక్క గుడ్డయినా పెట్టకముందే సముద్రం నుంచి తెచ్చుకున్నదే. 2014లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జపాను మలుగును అంతరించే ప్రమాదమున్న జాతుల పట్టికలో చేర్చింది. వలలతోపాటు ఆనకట్టలూ, చెడిపోయిన నదులూ దీనికి కారణాలే.

జపాను శాస్త్రజ్ఞులు ఊరుకోలేదు. 1973లో ప్రయోగశాలలో గుడ్లు పొదిగించారు. ఆ పిల్లలకు ఏం పెట్టి బతికించాలో తెలియక చాలా తంటాలు పడ్డారు. అలా పుట్టి పెరిగిన చేపల చేత మళ్ళీ గుడ్లు పెట్టించింది 2010లో. 37 ఏళ్ళు! అయినా ఈనాటికీ హోటలుకు వచ్చేది చాలావరకు సముద్రపు పిల్లే.

జపానువారు ఉనగి మానెయ్యాలని నేను అనను. ఆ వంట వెనుక ఎంతో పనితనం ఉంది. "పెంపకం కదా, నదికి నష్టమేమిటి" అనే మాటను మాత్రం ఒప్పుకోను. చేపల పెంపకం గురించి ఎవరు గొప్పగా చెప్పినా, పిల్ల ఎక్కడిదని అడగండి. ఇది దూరదేశపు గొడవ కూడా కాదు. జపాను మలుగు తగ్గేకొద్దీ తూర్పు ఆసియా వ్యాపారులు ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తీరాల గాజుపిల్లల వైపు తిరిగారు. అక్కడ పట్టే జాతుల్లో ఒకటైన బైకలర్ మలుగు మన దేశంలోనూ ఉంది.

వైనతేయలోగాని, మీ ఊరి పంటకాలువలోగాని గాలానికి పొడవాటి చేప తగిలితే వీపు చూడండి. ముళ్ళుంటే బొమ్మిడాయి, ఇంటికి పట్టుకెళ్ళండి. నున్నగా ఉండి, మొప్పల వెనుక రెక్కలుంటే మలుగు. కర్ర వెతక్కుండా నీళ్ళలో వదిలెయ్యండి.