ఇల్లాలి అరగంట

బ్యాలే నృత్యము ననుసరించిన వ్యాయామ తరగతులు నేడు మహానగరములలో వెలసినవి. అట్టి పాఠములు చేతి ఫోనులలో మన పలాస, టెక్కలి ఇండ్లకును వచ్చుచున్నవి. వానిని చూచి ఒక యిల్లాలు తానును ప్రయత్నింతునన్నచో పెద్దలు మూడు ఆక్షేపములు తెత్తురు: ఇది పరదేశపు వేడుక, ఇది కుటుంబ స్త్రీకి తగని ఆట, ఇంటిపని చేయువారికి వేరు వ్యాయామమెందులకు? ఈ మూడును పరీక్షకు నిలువవని మా వాదము.

బ్యాలే నర్తకులు అభ్యాసకాలమున పట్టుకొను అడ్డకఱ్ఱకు ఫ్రెంచి భాషలో 'బార్' అని పేరు. నాజీల పాలనలో జర్మనీ విడిచి లండను చేరిన యూదు నర్తకి లాటీ బెర్క్, తన వెన్ను దెబ్బతిన్న పిమ్మట, చికిత్సకై చేయు కదలికలను నృత్యాభ్యాసముతో కలిపి 1959లో అక్కడి స్త్రీలకు బోధింప నారంభించెను. పుట్టుక పరదేశమే. అయినను దాని తొలిపాఠమేమి? మడమలు చేర్చి, పాదములు ఇరువైపులకు త్రిప్పి, వెన్ను నిటారుగా నిలిపి, మోకాళ్లను ప్రక్కలకు వంచుట. మన కూచిపూడి గురువులు దీనికి దగ్గఱి నిలుకడనే అరమండి యని నేర్పుచున్నారు. కాఫీని, కుట్టుమిషనును, ఆంగ్లవిద్యను ఇంటిలోనికి రానిచ్చినవారు ఒక్క వ్యాయామము వద్దనే స్వదేశాభిమానము చూపుట వింత గాదా!

రెండవ యాక్షేపమునకు మూలము మన సంస్కరణోద్యమమందే కలదు. కందుకూరి వీరేశలింగము పంతులు భోగము మేళములను ఖండించిరి. 1947లో మదరాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణను నిషేధించు చట్టము వచ్చెను. రెండును న్యాయమే. కాని ఖండింపబడినది స్త్రీని అమ్ముడు వస్తువుగా చేసిన ఆచారము. ఆమె పాదము కదలుట కాదు. మేళము పోయినది, కదలిక పట్ల ఏవగింపు మాత్రము ఇండ్లలో మిగిలినది. 1963లో వెంపటి చినసత్యము మదరాసున స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీలో ఎందఱో స్త్రీలు నేర్చుకొన్నను అది పూర్తిగా తొలగలేదు. కొడుకు బస్కీలు తీసిన మురియు తండ్రి, కూతురు అవే మోకాళ్లు వంచిన మొగము చిట్లించును. ఈ వ్యాయామమునకు రంగస్థలము లేదు, ప్రేక్షకుడు లేడు. చూచువాడే లేనిచోట సిగ్గు ఎవ్వరికై?

మూడవది వినుటకు దయవలె నుండును. పలాసలో జీడిపప్పు ఒలుచు స్త్రీలు గంటల తరబడి ఒక్క తీరున కూర్చుండి వ్రేళ్లతో పనిచేయుదురు. ఇంటిపనియు తఱచు అట్టిదే: కొన్ని కండలు అరుగును, కొన్ని సోమరులగును. అలసట వ్యాయామము కాదు. వారమున కనీసము 2 దినములు ప్రధాన కండరములన్నిటికి బలము కూర్చు వ్యాయామము పెద్దలు చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. అందు స్త్రీలను మినహాయింపలేదు. ఆముదాలవలస దరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీలో బరువులెత్తి కాంస్య పతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన ప్రథమ భారతీయ స్త్రీ యయ్యెను. మన జిల్లావారికి ఇంకను సందేహమేల?

మేము నలుబదులు దాటిన బడిపంతులము. కుర్చీ వీపు పట్టుకొని తొలిపాఠమును ప్రయత్నించితిమి. మడమలెత్తి, మోకాళ్లు వంచి, వ్రేలెడు మేర పైకి క్రిందికి కదలుటయే. పదినిమిషములలో తొడలు వణకినవి. చూచువారికి ఆట, చేయువారికి గట్టి శ్రమ. మన ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ప్రబలియున్నది గనుక ఆ రోగులును, మోకాళ్లనొప్పి గలవారును, గర్భిణులును వైద్యుని అడిగియే ఆరంభింపవలెను.

కావున మిగిలిన యడ్డంకి ఒక్కటే: తీరిక. ఇల్లాలికి తీరిక లేదన్నమాట నిజము. ఆ తీరికను తినుచున్నది మనమే. స్త్రీజనోద్ధరణమును గూర్చి సభలలో ఉపన్యసించు మిత్రులారా! దినమునకొక యరగంట పొయ్యి యొద్ద నిలువుడు, పిల్లలను చూచుకొనుడు. మీరు కూర్చున్న కుర్చీనుండి లేచి దానిని ఆమెకు పట్టుకొనుటకిండు. అంతకు మించిన ఉపన్యాసము వేరొకటి యక్కరలేదు.