చుట్టపొగయు ఊపిరితిత్తుల నెత్తురు త్రోవలును

“చుట్ట నన్నేమి చేసినది? నలువది యేండ్లుగా కాల్చుచున్నాను, నేటికిని పొలము చుట్టివచ్చుచున్నాను” అని మన గ్రామములలో పెద్దలు చెప్పుచుందురు. దగ్గును కళ్లెను వారు రోగములుగా నెంచరు; వయసుతో వచ్చినవని యూరకుందురు. ఆయాసము వచ్చిననాడు గాని వైద్యుని యొద్దకు పోరు. ఇట్లు ఆగుట ప్రమాదకరమని నా యభిప్రాయము.

ఊపిరితిత్తులలో గాలిగొట్టములు చెట్టుకొమ్మలవలె చీలి చీలి, చివరకు మిక్కిలి చిన్న గాలితిత్తులతో ముగియును. ఇట్టి తిత్తులు కోట్లకొలది కలవు. ప్రతి తిత్తి చుట్టును సన్నని నెత్తురు నాళముల వల యల్లుకొని యుండును. పొగ తగిలినచోటికి శరీరము తెల్లకణములను పంపును. హానిని మాన్పవచ్చిన యీ కణములు, పొగ నిత్యము తగులుచుండుటచే మరలిపోక యచటనే నిలిచి, తాము విడుచు రసములతో తిత్తుల గోడలనే కరగించును. సన్నని గొట్టములు వాచి, దళసరియై, కళ్లెతో పూడును. ఇంతవరకు కొందఱికైనను తెలిసినదే. నెత్తురు త్రోవల సంగతి మాత్రము చాలమంది యెఱుగరు.

నీటి విలువ యెఱిగిన రైతు విత్తని మడికి నీరు కట్టడు; ఆ బోదె మూసి విత్తిన మడికి మళ్లించును. ఊపిరితిత్తియు నిట్లే చేయును. ఏ భాగమునకు గాలి చేరదో, అచటికి పోవు నాళము ముడుచుకొని నెత్తురును గాలి యున్న భాగమునకు మళ్లించును. పొగ యీ యేర్పాటును చెఱచును. నాళముల లోపలిపొర దెబ్బతిని, వానిని వదులుగా నుంచు నైట్రిక్ ఆక్సైడును తగినంత పుట్టింపజాలదు. గోడలు దళసరియై త్రోవ యిఱుకగును. విత్తని మడికి నీరు పాఱినట్లు, నెత్తురు గాలిలేని భాగమునకు పోయి ప్రాణవాయువు లేకయే తిరిగివచ్చును. వ్యాధి ముదిరిన కొందఱిలో, ఇఱుకు నాళములలోనికి నెత్తురును త్రోసి త్రోసి గుండె కుడిభాగము పెద్దదై యలసిపోవును. అంతట కాళ్లు వాచును. కాళ్లవాపునకు మూలము చుట్టయని యెవరు తలతురు?

స్పెయిను దేశమందలి బార్సిలోనా నగర వైద్యులు, శస్త్రచికిత్సలో తీసివేసిన ఊపిరితిత్తి భాగములను పరిశీలించి 1999లోను 2002లోను ఫలితములను ప్రకటించిరి. వ్యాధి స్వల్పముగా నున్నవారిలోనే గాక, ఊపిరి పరీక్షలో ఏ లోపమును కనబడని పొగత్రాగువారిలోను నాళముల లోపలిపొర దళసరియై యుండెను. కావున “నాకు ఆయాసము లేదు” అనుమాట సాక్ష్యముగా చెల్లదు. పొగత్రాగు వారందఱికిని వ్యాధి యొకే రీతిగా రాదు, నిజమే. అయిన నెవరికి వచ్చునో ముందుగా చెప్పగలవారు లేరు.

మానినచో లాభమేమి? లండనులోని పనివారిని ఎనిమిదేండ్లు పరీక్షించి ఫ్లెచర్, పీటో అనువారు 1977లో దీనికి సమాధాన మిచ్చిరి. పోయిన ఊపిరిబలము తిరిగి రాదు గాని, మానిన పిమ్మట తరుగుదల పొగత్రాగనివారి తరుగుదలకు సమీపమగును. నలువదియైదవ యేట మానినవానికిని అఱువదియైదవ యేట మానినవానికిని మిగులు ఊపిరి యొక్కటి కాదు. మానిన తరువాతను లోపలి వాపు చాలకాలము నిలువవచ్చును. దగ్గు పోలేదని మరల చుట్ట పట్టువారు ఈ సంగతి నెఱుగక మోసపోవుచున్నారు.

మన సభ్యులలో పొగాకు పండించువారును కలరు. పంట మానుమని నే ననుట లేదు. అది ధరలకును అప్పులకును సంబంధించిన వేఱు చర్చ. అమ్మకపుటాకులో ఒక కట్ట ఇంటికై తీసి యుంచు నలవాటును మాత్రము ఆక్షేపించుచున్నాను.

సంఘములు చేయదగిన పని యొకటి కలదు. ఏటేట సర్వసభ్య సమావేశపు దినమున స్పైరోమీటరుతో వైద్యుని రప్పించి, నలువది దాటిన పొగత్రాగువారికిని, కట్టెలపొయ్యి యొద్ద వంటచేయు స్త్రీలకును ఊపిరి పరీక్ష చేయింపవలెను. కట్టెపొగయు నీ వ్యాధినే తెచ్చును. గొట్టములోనికి ఊదు పరీక్ష కొన్ని నిమిషముల పని. వ్యయమును ప్రజాహితమునకై తీసి యుంచు సొమ్మునుండి భరింపవచ్చును. పరీక్షలో నెగ్గినవాడు దానిని చుట్టకు అనుమతిపత్రముగా నెంచరాదని వైద్యునిచేతనే ముందుగా చెప్పింపవలెను. బహిరంగ స్థలములలో పొగత్రాగుట 2008 నుండి దేశమంతటను నిషిద్ధమే గదా. సంఘపు అరుగుమీద కూడ చుట్ట వెలిగింపరాదను మాటను ఆ తీర్మానముననే చేర్పవలెను.