లాడా గొప్పతనం మోంజాలో కాదు, ఫుజీలో ఉంది

ఐటీలో నాలుగేళ్ళు నలిగినవాళ్ళకి ఏదో ఒక మీటింగులో ఆ స్లైడు ఎదురయ్యే ఉంటుంది. కాలిన ముఖం, సగం పోయిన చెవి, నెత్తిన ఎర్రటోపీ. కింద పెద్దక్షరాల్లో పట్టుదల మీద ఓ నీతివాక్యం. ఆ ముఖం ఆస్ట్రియా రేసింగు డ్రైవరు నికీ లాడాది. 2013లో వచ్చిన 'రష్' సినిమా పుణ్యమా అని రేసింగు ఓనమాలు తెలియని హెచ్చార్ వాళ్ళకి కూడా ఈయన కథ బాగా పనికొస్తోంది.

కథ మీకు తెలిసిందే. 1976 ఆగస్టు 1న జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాకు మీద ఆయన ఫెరారీ అంటుకుంది. తల కాలింది. విషవాయువులు పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆసుపత్రిలో పాదిరీ వచ్చి ఆఖరి ప్రార్థన కూడా చేసేశాడు. అలాంటి మనిషి ఆరువారాలు తిరిగేసరికి, సెప్టెంబరు 12న ఇటలీలోని మోంజాలో కారెక్కి నాలుగోస్థానంలో వచ్చాడు. స్లైడు ఇక్కడితో అయిపోతుంది. చప్పట్లు. తరవాతి స్లైడులో మన రిలీజు తేదీ ఉంటుంది.

నా గొడవల్లా ఆ కథని అక్కడ ఆపేయడం గురించే. అది సగం కథ. పైగా మేనేజర్లకి పనికొచ్చే సగం.

మిగతా సగం ఇదీ. అదే ఏడాది అక్టోబరు 24న జపాన్‌లోని ఫుజీలో సీజను చివరి రేసు. లాడాకి 68 పాయింట్లు, జేమ్స్ హంట్‌కి 65. బయట కుండపోత వాన, మంచు, ట్రాకు మీద నీళ్ళు. ముందున్న కారు కనపడదు. లాడా రెండు ల్యాపులు నడిపి, పిట్‌లోకొచ్చి, కారు దిగిపోయాడు. హంట్ మూడోస్థానంలో వచ్చి 69-68తో, అంటే ఒక్క పాయింటు తేడాతో ఛాంపియన్ అయ్యాడు. ఇంజను పాడైందని చెబుదామని ఫెరారీ ఇంజనీరు మౌరో ఫోర్గియేరి సర్దిచెప్పబోయాడు. లాడా ఒప్పుకోలేదు. ఈ వానలో నడపడం ప్రమాదం, అందుకే ఆపేశాను అన్నాడు, అంతే. ఒంట్లో బాగోలేక ఒక్కరోజు సెలవు పెట్టాలన్నా అమ్మమ్మని రెండోసారి చంపేసే మనలాంటివాళ్ళం ఈ ముక్క దగ్గర కాసేపు ఆగి ఆలోచించాలి.

"తరవాత వాన తగ్గింది కదా, ఇంకాసేపు ఓపిక పడితే టైటిల్ ఆయనదే" అనేవాళ్ళుంటారు. నిజమే, వాన తగ్గింది. కానీ నిర్ణయం తీసుకునేది ఆ క్షణాన కళ్ళముందున్నదాన్ని బట్టే గానీ, గంట తరవాత వచ్చే వాతావరణాన్ని బట్టి కాదు. ఆరోజు ఆగిపోయింది ఆయనొక్కడే కూడా కాదు. అప్పటికే రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన ఎమర్సన్ ఫిట్టిపాల్డీ, కార్లోస్ పాచె, లారీ పెర్కిన్స్ కూడా కావాలనే ఆపేశారు.

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. నూర్‌బర్గ్‌రింగ్‌లో ప్రమాదానికి ముందే, ఇక్కడ రేసు వద్దని డ్రైవర్ల మీటింగులో వాదించింది ఈ లాడానే. 22 కిలోమీటర్ల పైచిలుకు ట్రాకు, ఏమన్నా అయితే మంటలార్పేవాళ్ళు, వైద్యం చేసేవాళ్ళు సమయానికి చేరలేరు అన్నది ఆయన వాదన. మెజారిటీ వినలేదు. సరేనని నడిపాడు. మన భాషలో చెప్పాలంటే 'డిజగ్రీ అండ్ కమిట్' అన్నమాట. కారు ఎందుకు అదుపు తప్పిందన్నది వేరే చర్చ. కానీ మంటల్లోంచి ఆయన్ని బయటికి లాగింది మాత్రం వెనకాల వచ్చిన తోటి డ్రైవర్లు. ఆయన చెప్పింది అక్షరాలా అదే కదా! ఫుజీకి వచ్చేసరికి డిజగ్రీ అయ్యాడు, కమిట్ అవలేదు. రెండింట్లో ఏది తెలివైన పనో మీరే చెప్పండి.

పోనీ ఆ మోంజా అయినా మన స్లైడు చెప్పినట్టుందా? లాడా ఆసుపత్రిలో ఉండగానే ఫెరారీ ఆయన స్థానంలోకి కార్లోస్ రాయిట్‌మాన్‌ని తెచ్చుకుంది. అంటే కంపెనీ ఏమీ ఆగిపోలేదు, కుర్చీకి వేరే మనిషిని చూసుకుంది. లాడా వచ్చింది తనంతట తాను నిర్ణయించుకుని. మనదగ్గర జరిగేదేంటి? నాకు తెలిసిన ఒకాయన డెంగ్యూతో చేతికి సెలైన్ ఎక్కుతుంటే పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని రిలీజు చేశాడు. ఆయనకో సర్టిఫికెట్టు ఇచ్చి ఫొటో తీశారు. టెస్టింగు కాలేదు, ఈ వారం ఇవ్వొద్దు అని మెయిలు పెట్టిన అమ్మాయికి అప్రైజల్లో 'టీం ప్లేయర్ కాదు' అని రాశారు. మనకి మోంజా లాడాలు కావాలి, ఫుజీ లాడాలు వద్దు. అసలు జబ్బు ఇదే.

"అలా వెనక్కి తగ్గితే కెరీర్ పోదా?" అంటారు. పోలేదు బాబూ. 1977లో మళ్ళీ ఛాంపియన్ అయ్యి, సీజను పూర్తికాకుండానే ఫెరారీకి దండం పెట్టాడు. 1979లో రిటైరై, 1982లో తిరిగొచ్చి, 1984లో తన టీములోనే ఉన్న ప్రోస్ట్ మీద అరపాయింటు తేడాతో మూడోసారి గెలిచాడు. ఒక పాయింటుతో పోయింది అరపాయింటుతో వచ్చింది!

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది ఇంజనీర్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది. 1991 మే 26న ఆయన సొంత కంపెనీ లాడా ఎయిర్ వారి బోయింగ్ 767 బ్యాంకాక్ నించి వియన్నా వెళ్తూ కూలిపోయింది. 223 మందీ పోయారు. విమానం నేల మీద దిగాక తెరుచుకోవాల్సిన థ్రస్ట్ రివర్సర్ గాల్లో ఉండగా తెరుచుకుంది. పైలట్లు కాపాడుకుని ఉండొచ్చా అన్న ప్రశ్న మీద లాడా బోయింగ్‌ని వదల్లేదు. ఆ ఎత్తులో, ఆ వేగంలో పైలట్ చేతిలో ఏమీ ఉండదని తేల్చి చెప్పించేదాకా పట్టుబట్టాడు. తరవాత ఆ విమానాల రివర్సర్లకి అదనపు లాకు పెట్టారు. 'హ్యూమన్ ఎర్రర్' అని ఒక లైను రాసేసి టికెట్టు మూసేయడం మనకి వెన్నతో పెట్టిన విద్య. ఆయన మూయనివ్వలేదు.

2019 మే 20న లాడా పోయాడు. పోయినాయన ఎలాగూ వచ్చి అడగడు కాబట్టి ఆయన బొమ్మ పెట్టి రాత్రి రెండింటిదాకా పని చేయించుకోవడం తేలిక. ఈసారి ఎవరైనా ఆ బొమ్మ చూపిస్తే చప్పట్లు కొట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: "రేపు వానపడితే కారు దిగే హక్కు మాకుందా, లేదా?" జవాబు లేదనే అయితే ఆయన పేరెత్తే అర్హత వాళ్ళకి లేదు.