గజాల్లో కొలవలేని కాగితం

జుబైల్‌లో శుక్రవారం భోజనానికి వచ్చిన మిత్రులు గోడ మీది బొమ్మ చూసి "ఎంత?" అన్నారు. చెప్పాను. "జిరాక్సుకి అంతా? ఆ డబ్బు బయానాగా ఇస్తే శంషాబాద్ అవతల ప్లాటు వచ్చేదిగా!"

అది ఎక్స్‌ప్రెషనిస్టుల కాలపు జర్మన్ చిత్రకారిణి కేటె కోల్విట్జ్ 1924లో చేసిన 'రొట్టె' అనే లిథోగ్రాఫ్. తల్లి మనకు వీపు చూపిస్తూ వంగి నిలబడి ఉంటుంది. ఆకలితో ఇద్దరు పిల్లలు చెరోవైపు లాగుతుంటారు. అడుగున పెన్సిలు సంతకం.

ప్లాటు సంగతి సరే, 'జిరాక్సు' అన్న మాటే మింగుడుపడలేదు. అన్నదెవరు? నాలాగే సాఫ్ట్‌వేర్ లైసెన్సుల మీద బతికేవాళ్ళు. పైసా ఖర్చు లేకుండా పుట్టే వెయ్యో కాపీకీ మొదటిదాని ధరే వసూలు చేసే వ్యాపారం మనది! లిథోగ్రాఫ్ అలా పుట్టదు. జిడ్డు క్రేయాన్‌తో గీసిన గీత సున్నపురాతికి ఎక్కుతుంది. రాయిని తడిపితే గీత నీటిని నెట్టి సిరాను పట్టుకుంటుంది, మిగతా రాయి నీటిని పట్టుకుని సిరాను నెడుతుంది. ఒక్కో కాగితాన్నీ విడిగా అచ్చొత్తాలి. వేరే ఎక్కడో 'అసలు' బొమ్మంటూ ఉండదు. ఈ కాగితాలే అసలు.

సంతకం ఉంటే కళ్ళు మూసుకుని కొనమనడం లేదు. దొంగ సంతకాలూ ఉంటాయి. కాగితం, అచ్చు, ఇదివరకు ఎవరెవరి చేతులు మారింది, ఇవన్నీ ప్లాటుకి లింకు డాక్యుమెంట్లు చూసినట్టే చూసుకోవాలి.

రేపు ధర పెరుగుతుందా? ఏమో, అందుకు కొనలేదు. కోల్విట్జ్ అచ్చుబొమ్మల్ని ఎంచుకున్నదే ఎక్కువమందికి అందాలని. మొన్న ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన జగిత్యాల కుర్రాడు పని ఆపి దాని ముందు నిలబడ్డాడు. "ఇంట్ల బియ్యం లేనినాడు మా అమ్మ గిట్లనే అటు మొఖం తిప్పుకునేది సార్" అన్నాడు. ధర అడగలేదు.

"జర్మనావిడే ఎందుకు, మనవాళ్ళు లేరా?" అన్నాడింకో మిత్రుడు. ఎందుకు లేరు! చిత్తూరు జిల్లాలో పుట్టి 2018లో న్యూయార్క్‌లో కన్నుమూసిన కృష్ణారెడ్డి, ఒకే లోహపు పలక నుంచి ఒకేసారి పలు రంగులు అచ్చొత్తే పద్ధతిని పారిస్‌లో రూపొందించినవారిలో ఒకరు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ తన పల్లె మనుషుల్ని ఎచింగుల్లోకి తెచ్చారు. వీళ్ళ అచ్చు ఒక్కటైనా మన ఇళ్ళలో ఉందా? అడిగిన మిత్రుడి గోడకున్నది బిల్డరు ఇచ్చిన క్యాలెండరు.

ప్లాట్లు కొనొద్దనను. నాకూ ఒకటుంది. ఎనిమిదేళ్ళలో రెండుసార్లు చూశాను. ఈ కాగితాన్ని రోజూ చూస్తున్నాను.