అజరయ్య గారు చెప్పిన నాలుగు దయ్యాలు



బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అని మన సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన అభిషేకం జరిగింది. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కథీడ్రల్ ముందు నిలబడి మనం ఫొటోలు కూడా తీసుకుంటాము. కాని ఆయన పదవిని గుర్తు పెట్టుకొని, ఆయన పనిని మరచిపోయామని నా అభిప్రాయం.

ఆయన 1874లో తిరునల్వేలి జిల్లాలో ఒక గురువుగారి ఇంట పుట్టారు. మాతృభాష తమిళం. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేశారు. 1903లో తిరునల్వేలిలో భారతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించిన వారిలో ఆయన ముఖ్యులు. ఇతరులను పంపితే చాలదని 1909లో తానే దోర్నకల్ వచ్చారు, తెలుగు నేర్చుకున్నారు. ఎక్కువగా మాల, మాదిగ పల్లెలలో తిరిగారు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు.

పల్లెలను పీడించే దయ్యాలు నాలుగని ఆయన చెప్పేవారు: అపరిశుభ్రత, వ్యాధి, అప్పు, త్రాగుడు. ఇవి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని వస్తాయి. త్రాగుడు అప్పు తెస్తుంది, అప్పున్నవాడు పుండు ముదిరే దాకా ఆసుపత్రికి రాడు. ఇది మేము వార్డులో చూస్తున్నదే.

అయితే దయ్యాలని పేరు పెట్టి ఆయన ఊరుకోలేదు. ఆయన మేత్రాసనంలో బడులు, వైద్యశాలలు, సహకార సంఘాలు నడిచాయి. ప్రార్థన ఒక చేతా, పని ఒక చేతా సాగాయి.

నేడు మనమేమి చేస్తున్నాము? రోజూ త్రాగే మనిషిని ఆదివారం సంఘం ముందు నిలబెట్టి, ఇక త్రాగనని ప్రమాణం చేయించి ఇంటికి పంపుతాము. ఎన్నో ఏళ్ళుగా బాగా త్రాగేవారు ఒక్కసారిగా మానితే, రెండు మూడు రోజుల్లో చేతులు వణకవచ్చు, నిద్ర పట్టకపోవచ్చు, మూర్ఛలు రావచ్చు. లేనివి కనిపిస్తున్నాయని కేకలు వేయవచ్చు. అప్పుడు ఇంటివారు దయ్యం పట్టిందని భయపడి, గదిలో పెట్టి తలుపు వేస్తారు. అది దయ్యం కాదు. వైద్యం ఉన్న జబ్బు. ఆలస్యమైతే ప్రాణం పోవచ్చు.

త్రాగేవారిని ఆసుపత్రికి పంపితే విశ్వాసం తగ్గినట్లని కొందరు పెద్దలు అనుకుంటారు. నేను ఒప్పుకోను. ప్రమాణం మంచిదే. ఆ ప్రమాణం చేసినవాడు బ్రతికి ఉంటేనే గదా దానిని నిలుపుకొనేది!

కనుక సంఘ పెద్దలకు, గురువులకు నా మనవి. ప్రమాణానికి ముందే ఆ మనిషిని డాక్టరు గారికి చూపించండి. ఆ వారమంతా ఇంట్లో ఒకరు తోడుండండి. వణుకు మొదలైతే తెల్లవారే దాకా ఆగకండి, రాత్రయినా తీసుకురండి. ఆసుపత్రి ఖర్చుకు వడ్డీ అప్పు చేయనవసరం లేకుండా సంఘంలో చిన్న నిధి ఉంచండి. అమ్మలారా, సిగ్గుపడి దాచవద్దు. మీ ఆయన ఎంత త్రాగుతారో నర్సుతో ఉన్నది ఉన్నట్లు చెప్పండి. మేము తీర్పు తీర్చడానికి కూర్చోలేదు.

అజరయ్య గారిని గౌరవించాలంటే ఆయన పటానికి దండ వేయడం కంటే ఇదే మేలు.