ఆరు గంటలకు పంచిన చీటీలు

2024 మే 13న సాయంత్రం ఆరు దాటినా ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నో పోలింగ్ బూత్‌ల ముందు జనం బారులు తీరే ఉన్నారు. గడువు ముగిసే వేళకు వరుసలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఓటు వేసే హక్కు ఉంటుంది. అందుకే వరుస చివర నిలబడ్డ మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకు చీటీలు పంచుతారు, కొత్తవాళ్లు వెనక చేరకుండా. ఆ చివరి చీటీ పుచ్చుకున్నవాళ్లు ఓటేసి బయటపడేసరికి కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటింది. దాదాపు 82 శాతం పోలింగ్ అని అందరం మురిసిపోయాం. మురవాల్సిందే. మరి అన్ని గంటలు వాళ్లెందుకు నిలబడాల్సి వచ్చింది?

లెక్క కష్టమేమీ కాదు. అప్పటి నిబంధన ప్రకారం ఒక బూత్‌కు 1,500 మంది ఓటర్ల దాకా ఉండొచ్చు. అందులో 80 శాతం వస్తే 1,200 మంది. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా ఉన్నవి 660 నిమిషాలు. అంటే మనిషికి 33 సెకన్లు. ఈలోగా జాబితాలో పేరు వెతకాలి, ఏజెంట్లకు వినపడేలా చదవాలి, వేలికి సిరా పెట్టాలి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఆపైన లోక్‌సభకు ఒక మీట, అసెంబ్లీకి ఒక మీట. ఒక్కో వీవీప్యాట్‌లో చీటీ ఏడు సెకన్లు కనపడుతుంది. కళ్లద్దాలు మరిచిపోయి వచ్చిన అవ్వ గుర్తు వెతుక్కోవడానికి సమయం ఎక్కడిది? పైగా జనం గడియారం చూసుకుని సమంగా రారు. మే ఎండకు జడిసి పొద్దున్నే కొందరు, చల్లబడ్డాక కొందరు వస్తారు. యంత్రం ఒక్కసారి మొరాయించిందా, రాత్రి దాకా అంతే.

అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో పోలింగ్ 50 శాతం కూడా దాటలేదు. నగరవాసులు బద్ధకస్తులన్న మాట మళ్లీ వినపడింది. అదే నగరం నుంచి ఓటు కోసం విజయవాడ దారి పట్టిన బస్సులు, కార్లు మాత్రం పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కిక్కిరిశాయి. ఇల్లు మారిపోయినవాళ్ల పేర్లు జాబితాలో ఉండిపోతే శాతం దానంతటదే పడిపోతుంది. శాతాన్ని చూసి మనిషి శ్రద్ధను కొలవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

వరుస బరువు అందరికీ ఒకటి కాదు. పోలింగ్ రోజున వేతనంతో కూడిన సెలవు చట్టంలో ఉంది, రోజుకూలీకి కూడా. కానీ ఏ పూటకు ఆ పూట మేస్త్రీ పిలిస్తే వెళ్లే మనిషికి ఆ కూలి ఎవరిస్తారు? 85 ఏళ్లు దాటినవారు ఇంటి నుంచే ఓటు వేయొచ్చు. మోకాళ్ల నొప్పులతో ఉన్న 65 ఏళ్ల పెద్దమ్మకు ఆ వీలు లేదు. ఎండలో గంట నిలబడి, ఓటు వేయకుండానే ఇంటిదారి పట్టినవాళ్లు ఏ లెక్కలోకీ రారు. ఓటు వేయనివాళ్లలో కలిసిపోతారు.

2025లో ఎన్నికల సంఘం బూత్ పరిమితిని 1,200కు తగ్గించింది. మంచి పని. 80 శాతం వస్తే మనిషికి 41 సెకన్లు దక్కుతాయి. రెండు ఓట్లు ఒకే రోజు వేయించే రాష్ట్రానికి ఇంకా తగ్గించాలి. వరుస ఎక్కడ బిగుసుకుందో తెలుసుకోవడానికి కొత్త సర్వే కూడా అక్కర్లేదు. ఆరు గంటలకు ఎన్ని చీటీలు పంచారో ప్రిసైడింగ్ అధికారి తన డైరీలో రాసే పెడతారు. పోలింగ్ శాతంతో పాటు బూత్‌వారీగా ఆ అంకెనూ బయటపెట్టాలి.